లంద పాకలో పన్నెండోవాడు

మా అవ్వ బాలనర్సమ్మ ఇంటికి వచ్చిన చుట్టం రెండో పూట ఆగేవాడు కాదు. వంట బాగాలేక కాదు. ఇంటి వెనక వాగు ఒడ్డున లంద ఉండేది, అంటే తోళ్లు ఊని పదును చేసే పాక. సున్నం గోలేల్లో నానే పచ్చి తోళ్లు, తంగేడు చెక్క కషాయంలో మగ్గే తోళ్లు, ఆపైన ఎండ. గాలి అటు తిరిగిందంటే ఊళ్లో కుక్కలు కూడా లేచి కూర్చునేవి. తాత పోయాక కూడా అవ్వ ఆ పని వదల్లేదు. ఆ వాసన తనకు పెట్టని గోడ అనేది.

అవ్వ మంచిదని ఊళ్లో ఎవరూ అనలేదు. నేనూ అనను. చేబదులు అడిగితే లేదనేది. పెట్టిన ముద్దను పది రోజులు గుర్తు చేసేది. అందుకే గత్తర వచ్చిన ఏడాది ఆమె చేసిన పని చెబితే చాలామంది నమ్మరు.

అది రజాకార్ల గడబిడకు మూడు నాలుగేళ్ల ముందు. మా ఊరు కట్టంగూర్‌కు రెండు కోసుల దూరం. చుట్టుపక్కల పల్లెల్లో మనుషులు పొద్దున వాంతి చేసుకుంటే సాయంత్రానికి పోతున్నారు. దాన్నే గత్తర అంటారు. మా పోలీస్ పటేలు డప్పు వేయించాడు. ఊళ్లో సొంత ఇల్లు లేనివాళ్లంతా పొద్దుగూకేలోపు పొలిమేర దాటాలని చాటింపు. ఆ మాట సూటిగా తగిలింది చావడిలో పడుకునే పదకొండు మందికి. వానల్లేక ఊళ్లు విడిచి, రోడ్డుకు కంకర కొట్టడానికి వచ్చినవాళ్లు. వాళ్లలో చంటిపిల్లతో మారెమ్మ అనే ఆమె, చూపు ఆనని ఎల్లస్వామి అనే ముసలాయన ఉన్నారు. వాగు దాటబోతే అవతలి ఊరివాళ్లు దారికి కంప అడ్డం వేసి కర్రలతో నిలబడ్డారు. వెనక్కి తిరిగితే మా ఊరి కంప. పదకొండు మందీ వాగు ఇసుకలో కూలబడ్డారు.

అవ్వ వెళ్లి వాళ్లను పాకలోకి తోలుకొచ్చింది. జాలిపడి కాదట. తంగేడు చెక్క దంచడానికి కూలి అడగని చేతులు దొరికాయని. సిగ్గు లేకుండా తనే చెప్పేది. వాళ్లను వాగు దగ్గరికి పోనిచ్చేది కాదు. నానేసిన తోళ్లు ఎత్తుకుపోతారని అనుమానం. చెక్క ఉడికించే గంగాళంలోనే నీళ్లు మరిగించి తాగడానికి పోసేది. అవి పసుపు రంగులో, వగరుగా ఉండేవి. మారెమ్మ మొహం చిట్లిస్తే, చావైతే తియ్యగుంటుంది, పోయి తాగు అనేది.

మూడో రోజు సంగతి పటేలు చెవిన పడింది. పాకకు ఇరవై అడుగుల దూరంలో ఆగి, కండువా ముక్కుకు చుట్టుకుని, లోపల ఎవరున్నారని అడిగాడు. తోళ్లున్నాయి, వచ్చి చూసుకోమంది అవ్వ. సరిగ్గా అప్పుడే మారెమ్మ పిల్ల దగ్గింది.

“తోలు దగ్గుతాందా, బాలనర్సా?”

“పచ్చి తోలు పటేలా. ఇంక పానం పోలే.”

పటేలుకు నవ్వు రాలేదు. రేపు పొద్దున మనుషులను పంపి అందరినీ తరిమిస్తానని, పాక తగలబెట్టిస్తానని చెప్పి వెళ్లాడు. మారెమ్మ మూట సర్దబోతే అవ్వ లాక్కుని మూలకు విసిరింది. దంచాల్సిన చెక్క ఇంకా సగం ఉంది, ఎవరూ కదలొద్దంది. కానీ ఆమెకూ ఏ ఉపాయమూ తోచలేదు. రెండు కంపల మధ్య ఇసుకలో చంటిపిల్ల ఎన్నాళ్లు బతుకుతుందో ఆమెకు తెలుసు.

తెల్లారి పటేలు మనుషుల కంటే ముందే నల్గొండ నుంచి సూది డాక్టరు దిగాడు. వెంట ఇద్దరు జవాన్లు, ఒక పెట్టె, ఒక పొడుగాటి కాగితం. గత్తర రాకుండా అందరికీ సూది వేయాలి, ముందుగా పటేలు చెయ్యి చాపి జనానికి ధైర్యం చెప్పాలి. ఇది సర్కారు హుకుం. ఊళ్లో పుకారు వేరు. సూది నాగలి కర్రంత ఉంటుందని, వేయించుకున్న మగవాళ్లను లాంకు, అంటే యుద్ధానికి, పట్టుకుపోతారని. ఆడవాళ్లు గడ్డివాముల్లో దూరారు. మగవాళ్లు చెట్లెక్కారు. పాక తగలబెట్టాల్సినవాళ్లూ చెట్ల మీదే ఉన్నారు.

పటేలు మాత్రం వాగులో పడి నడిచి, లంద పాకలోకి వెనక నుంచి దూరాడు. ముక్కున్నవాడెవడూ అటు రాడని ఆయన ధీమా. రెండు గోలేల మధ్య కూర్చుని ఎండిన బర్రెతోలు మీద కప్పుకున్నాడు. ఎవరో పాపం ఇరుకున పడ్డారని ఎల్లస్వామి జరిగి చోటిచ్చాడట.

అయితే డాక్టరుకు ఆ రోజు జలుబు. నేరుగా పాక వైపే నడిచి వస్తున్నాడు. అవ్వ తడిక సందులోంచి చూసి, వచ్చి తోలు ఎత్తింది.

“డాక్టరొస్తాండు. పటేలని చెప్పాల్నా, మా మరిదని చెప్పాల్నా? జల్ది చెప్పుండ్రి.”

సూదికి జడిసి తోలు కింద దూరిన పటేలంటే పటేలుగిరీ పోతుంది. తోళ్లు ఊనే బాలనర్సమ్మ మరిది అంటే పరువు పోతుంది.

“మరిదే” అన్నాడు పటేలు.

“మా మరిదైతె పాక కాలవెట్టడు గద?”

“పెట్టడే తల్లీ, పెట్టడు.”

డాక్టరు లోపలికి వచ్చాడు. ఇక్కడ ఉండేది ఎందరని అడిగితే, నేను కాక పన్నెండు మంది, అంతా నా ఇంటివాళ్లే అంది అవ్వ. పేర్లన్నీ రాయించింది. పన్నెండోవాడు మరిది సోమన్న. సూది దిగినప్పుడు సోమన్న పెట్టిన కేకకు చెట్ల మీదివాళ్లు ఇంకో కొమ్మ పైకి ఎక్కారు.

సాయంత్రం డాక్టరు పక్క ఊరికి వెళ్తూ కాగితాన్ని, పొద్దున వాసనకు పాక బయటే ఆగిపోయిన జవానుతో చావడికి పంపాడు. ఏ ఇంట్లో ఎందరున్నారో రాసింది నిజమేనని పటేలు దస్కత్తు చేయాలి. పటేలు వాచిన చేతిని కండువాలో దాచుకుని కూర్చున్నాడు. జవాను చదివాడు. లంద పాక, బాలనర్సమ్మ ఇల్లు, ఆమె కాక పన్నెండు మంది. తప్పని కొట్టేస్తే ఆ పన్నెండోవాడు ఎవరని విచారణ మొదలవుతుంది. పటేలు దస్కత్తు చేశాడు.

అప్పుడే చెట్లు దిగి వచ్చిన మనుషులు, పాక ఎప్పుడు తగలబెట్టాలని అడిగారు.

“గా పాక జోలికి పోకుండ్రి” అన్నాడు పటేలు. “గది ఇల్లని సర్కారు కాయితంల ఉన్నది. ఇల్లున్నోళ్లను ఎట్ల ఎల్లగొడ్తం?”

పదకొండు మందీ వానలు పడేదాకా అక్కడే ఉన్నారు. దస్కత్తు పడ్డ మర్నాడే మారెమ్మ తన పాత చీరతో పాక దూలానికి పిల్లకు ఉయ్యాల కట్టింది. దూలం విరిగితే నీ మొగుడు వచ్చి వేస్తాడా అని అవ్వ తిట్టింది. తిడుతూనే, ముడి సరిగా పడలేదని విప్పి, తనే మళ్లీ గట్టిగా కట్టింది.