అందరికీ వినపడేలా చదివాను

సిడ్నీలో మా కమ్యూనిటీ రేడియో తెలుగు గంటలో స్వచ్ఛంద సంస్థల కార్యక్రమాలు చదివేది నేనే. ఈ రోజు, ఇంట్లో వేధింపులకు గురవుతున్న ఆడవాళ్ళకు ఉచిత న్యాయ సలహా అని చెప్పి, హాలు అడ్రసు, టైము రెండేసిసార్లు చదివాను. పాట వేయగానే ఫోను మోగింది. మెచ్చుకోవడానికేమో అనుకుంటూ ఎత్తాను.

ఎవరో అమ్మాయి, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. "అక్కా, అక్కడికి రావాల్సినవాళ్ళు ఈ రేడియో ఎవరి పక్కన కూర్చుని వింటారనుకున్నారు? కార్లో ఆయనా వింటాడు కదా! కుకింగ్ క్లాస్ అని అనౌన్స్ చేయాల్సింది."

"నువ్వు..." అనేలోపే పెట్టేసింది.

అందరికీ తెలియాలనే కదా నా తాపత్రయమంతా! ఆ అందరిలో ఆయనా ఉంటాడని తట్టనే లేదు. వచ్చే వారం ఆమెకు మాత్రమే అర్థమయ్యేలా ఎలా చదవాలో తెలిస్తే చెప్పండి. కామెంట్లలో వద్దు, విడిగా మెసేజ్ పెట్టండి. ఇక్కడా ఆయన ఉండొచ్చు.