మా చెల్లెలి ఎడమచేయి

ఇన్నేళ్ళుగా మోస్తున్న బరువు ఇది. మోసీ మోసీ అలవాటైపోయి, బరువన్న సంగతే మరిచిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఆ రోజులంటేనే నాకు ఎక్కువ భయం. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. మా ఇల్లు విజయవాడలో, గుణదల కొండకి దగ్గరలో అని మాత్రం చెబుతాను. మా చెల్లెల్ని కరుణ అంటాను, అది దాని పేరు కాదు. దాని ఎడమచేయి పాడుచేసింది దాని మొగుడని మా వాళ్ళందరూ నమ్ముతున్నారు. వాడు కాదు. నేను.

రాసేశాను. ఈ ఒక్క మాట కోసం పొద్దుటి నుంచి కూర్చున్నాను.

చర్చిలో పాపసంకీర్తనానికి వెళ్తూనే ఉన్నాను. మోకరించి, "కోపం తెచ్చుకున్నాను ఫాదర్" అని చెప్పి వచ్చేదాన్ని. అబద్ధమా? కాదు. నిజమా? అదీ కాదు. ఫాదర్‌గారు ఓపిగ్గా కోపం తగ్గించుకోమనేవారు, నేను బుద్ధిమంతురాలిలా తలూపేదాన్ని.

నాకు క్రాస్ స్టిచ్ పిచ్చి. చిన్నాచితకా రుమాళ్ళు కాదు, గోడంతేసి బొమ్మలు. అప్పట్లో మా హాల్లో ఒకేసారి మూడు ఫ్రేములు నిలబడి ఉండేవి. ఒకటి మేరీమాత, కొండమీది మాత ఉత్సవాల్లో గుడికి ఇస్తానని మొక్కుకున్నది. ఇంకోటి ప్రభువు కడరాత్రి భోజనం. మూడోది కాలువగట్టు, వరిచేలు, కొంగలు. ఒకదాని మీద విసుగొస్తే ఇంకోదాని మీదికి మారేదాన్ని. వారం వారం ఎంతవరకు వచ్చిందో ఫోటో తీసి మా కుట్లవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని. ఎవరూ మెచ్చుకోకపోతే ఆ పూట మావారికి కూరలో ఉప్పుండేది కాదు. "ఎంత ఓపికండీ మీకు" అనేవారు చూసినవాళ్ళు. నాకు ఓపిక ఎక్కడిది? కదలకుండా కూర్చుని లోపల మండిపోయే గుణం ఉంది, అంతే.

కరుణని మైలవరం ఇచ్చాం. మొగుడు ట్రాక్టర్లు బాగుచేసేవాడు, తాగితే కొట్టేవాడు. ఇది నిజం, ఇందులో నా కల్పన ఏమీ లేదు. బెల్టుతో కొట్టాడు. పన్ను ఊడేలా కొట్టాడు. చివరికోసారి జుట్టు పట్టుకుని తల తలుపుకేసి బాదాడు. ఆ మర్నాడు కూతుర్ని తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. రమ్మన్నది నేనే, గది ఇచ్చింది నేనే. అందరూ నన్ను పొగిడారు. మరి కొన్నాళ్ళకే నాకు ఎందుకు కంటగింపైంది? ఇంటికొచ్చినవాళ్ళంతా దాని మొహం మీద కమిలిన మచ్చలు చూసి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నా ఫ్రేముల వంక కన్నెత్తి చూసేవాళ్ళు కాదు. దెబ్బలు తిని వచ్చిన మనిషిని చూసి అసూయపడ్డాను. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి గడిలోనూ రెండు కుట్లు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి. పైకుట్టు బొమ్మంతటా ఒకేవైపు వాలాలి. కొంత భాగంలో ఎదురువైపు వాలిందంటే, వెలుతురు పడగానే ఆ చోటు మాసినట్టు కనిపిస్తుంది. కరుణది ఎడమచేతి వాటం. ముందుగా చెప్పకపోతే ఎడమచేతివాళ్ళకి పైకుట్టు ఎదురువైపు పడిపోతుంది, అది వాళ్ళ తప్పు కాదు. చిన్నప్పుడు ఆ చేత్తో బలపం పట్టుకుందని అమ్మ గరిటె కాల్చి దాని మీదే వాత పెట్టింది. నేను పక్కనే నిలబడి చూశాను. అయినా ఆ వాటం మారలేదు. పెద్దయ్యాక ఆ చేత్తోనే మిషను పని నేర్చుకుంది. జాకెట్లు కుట్టుకుని పిల్లని పెంచుకుంటానని, కొన్నాళ్ళు ఆగితే వేరే ఇల్లు చూసుకుంటానని చెబుతుండేది.

ఉత్సవాలు దగ్గరపడుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం, పిల్ల బడికి పోయిన వేళ, నేను బజారు నుంచి వచ్చేసరికి కరుణ ఒక్కతే మేరీమాత ఫ్రేము ముందు కూర్చుని ఉంది. మాత నీలం ముసుగు సగానికి పైగా కుట్టేసింది.

"నీకు సాయంగా ఉంటుందని కుట్టానక్కా. టైము లేదని కంగారు పడుతున్నావుగా," అంది నవ్వుతూ.

కిటికీ వెలుతురులో చూశాను. అంతా ఎదురువైపు వాలి ఉంది.

"ఎవరు ముట్టుకోమన్నారే నిన్ను?"

"తప్పొచ్చిందా? పోనీ విప్పేస్తాలే అక్కా. దారమేగా."

బల్ల మీద దారాలు తుంచే చిన్న కత్తెర ఉంది. పక్కనే గుడ్డలు కోసే పెద్దదీ ఉంది. నేను పెద్దది తీశాను. తీసేటప్పుడు ఏది తీస్తున్నానో నాకు తెలుసు. ఫ్రేము మీద ఆనించి ఉన్న దాని ఎడమచేతి మీద పొడిచాను. బొటనవేలి పక్క కండలో దిగింది. అది అరవలేదు, నా మొహంలోకి చూసింది. కత్తెర లాగి మళ్ళీ పొడిచాను. ఈసారి వేళ్ళ మొదట్లో ఎముకకి తగిలి, జారి, నరాలు కోసుకుంటూ పోయింది. అప్పుడు అరిచింది. మొదటి పోటు కోపంలో జరిగిపోయిందని ఎవరైనా సర్దిచెప్పొచ్చు. రెండోదానికి ఏం పేరు పెట్టను? ఆ రెంటి మధ్యా నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆగడానికి ఆ ఊపిరి చాలదా? పైగా ఆ క్షణాన నాకు హాయిగా అనిపించింది. ఇది దాస్తే ఈ రాతంతా దండగ.

రక్తం గుడ్డ మీదికి కారింది. ముందు నేను దాని చేయి పట్టుకోలేదు. చేతి కింద నుంచి ఫ్రేము లాగేశాను.

తువ్వాలు చుట్టి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అద్దం పగిలి గుచ్చుకుందని డాక్టరుకి చెప్పాను. మా పెద్ద తమ్ముడు పరుగెత్తుకొచ్చి, "అద్దమా పాడా! ఆ వెధవ ఇంటికొచ్చి మరీ పొడిచాడా? నిజం చెప్పక్కా," అన్నాడు. నేను ఔననలేదు. తల దించుకున్నాను. అది చాలింది. తర్వాత కరుణ మంచం మీదికి వంగి చెవిలో అన్నాను: "వాడేనని చెప్పవే. కాదంటే నువ్వూ పిల్లా ఎక్కడికెళ్తారు?"

"చెప్తాలే అక్కా. నీ కోపం తగ్గిందా?" అంది.

మొగుడు కొట్టిన ప్రతిసారీ వాణ్ణి కూడా ఇలాగే అడిగేదేమో.

కరుణని ఇంటికి తెచ్చిన మర్నాడు తమ్ముళ్ళిద్దరూ మైలవరం వెళ్ళారు. వాణ్ణి షెడ్డులోంచి రోడ్డు మీదికి ఈడ్చి, టైర్లు విప్పే ఇనుపరాడ్డుతో మోకాలు చితక్కొట్టారు. నోట్లోంచి నెత్తురు వచ్చేదాకా తన్నారు. "నేను బెజవాడ రాలేదు బాబోయ్, రాలేదు బాబోయ్ అని ఒకటే ఏడుపక్కా," అని మా ఇంట్లో కోడికూర తింటూ వాడి గొంతు అనుకరించి నవ్వారు. వడ్డించింది నేనే. కరుణకి గదిలోకి అన్నీ వినిపించాయి. వాడు పోలీసుల దాకా పోలేదు, పెళ్ళాన్ని కొడతాడని పేరుపడ్డవాడి మాట ఎవరు నమ్ముతారు? వాడు చేసినవాటికి ఆ దెబ్బలు తక్కువేనని నాకు నేను చెప్పుకున్నాను. కానీ వాడు చేసినవి వాడివి, ఇది నాది. రెండూ ఒకే మూటలో కట్టేస్తే నాది కనపడకుండా పోతుందా? ఇన్నేళ్ళూ పోయింది మరి.

కరుణ వేళ్ళు మళ్ళీ వంగలేదు. మిషను అమ్మేసింది. చల్లపల్లిలో ఒక హాస్టల్లో ఆయాగా చేరి కూతుర్ని చదివించింది. నేను దాని కుట్లన్నీ విప్పేశాను, నెత్తురు ఉప్పునీళ్ళతో కడిగాను, ముసుగు మళ్ళీ కుట్టి ఉత్సవాలకి అందించాను. గుడిలో అందరూ మెచ్చుకున్నారు. మిగతా రెండూ పూర్తయ్యాయి. కొత్తవి మొదలుపెట్టాను. ఇప్పుడు కూడా హాల్లో ఫ్రేములున్నాయి, పని బాగానే సాగుతోంది. చేతులు వణుకుతాయనుకుంటారేమో, వణకవు.

పోయిన వానాకాలం కరుణ జ్వరంతో పోయింది. చివరిదాకా ఆ సంగతి నా దగ్గర ఎత్తలేదు, ఇంకెవరికీ చెప్పలేదు.

మొన్న దాని కూతురు ఫోన్ చేసింది. "నాన్నని ఆస్పత్రిలో పెట్టారంట పెద్దమ్మా. ఇక లాభం లేదంట. నన్ను చూడాలంటున్నాడంట. అమ్మని కొట్టేవాణ్ణని అందరి దగ్గరా ఒప్పుకుంటున్నాడంట గానీ, ఆ చేయి మాత్రం నేను కాదు, నేను కాదని ఒకటే గోలంట. చచ్చేముందు కూడా అబద్ధాలేనా? నేను వెళ్ళను."

నీ ఇష్టమమ్మా అంటే అక్కడితో అయిపోయేది. ఎందుకు అనలేదు? మంచితనమని అనుకోకండి. ఆ తాగుబోతు నాకంటే ముందు తనది ఒప్పేసుకున్నాడు. దానికీ కుళ్ళుకున్నానేమో.

"అది అబద్ధం కాదమ్మా. మీ అమ్మని పొడిచింది నేను," అన్నాను.

అది మెల్లగా, "ఎందుకు పెద్దమ్మా?" అంది.

వెతికాను. ఇన్నేళ్ళ తర్వాతైనా ఏదో ఒక పెద్ద కారణం దొరుకుతుందేమోనని వెతికాను.

"కుట్టు ఎదురువైపు వేసింది," అన్నాను.

ఫోన్ పెట్టేసింది. తండ్రిని చూడ్డానికి వెళ్ళిందో లేదో తెలియదు. నేను చేస్తే ఎత్తడం లేదు. తమ్ముళ్ళకి చెబుతుందేమో, చెప్పనీ. ఆ పూట వంటింట్లోకి వెళ్ళి, పొద్దుట మిగిలిన అన్నంలో పచ్చడి కలుపుకుని నిలబడే తిన్నాను. అంత ఆకలి వేసి ఎన్నాళ్ళయిందో. నాకే సిగ్గేసింది. అయినా గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను.