బారిష్టరు సాబ్ గెలిచిన కేసు

పత్తి బండ్లు మా వీధిలోంచి మార్కెట్‌కు పోయే కాలం వచ్చింది. దూది నుసి కిటికీ ఊచలకు అంటుకుంటోంది. గింజల చమురు వాసన ఆరేసిన బట్టలకు పట్టేస్తోంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఒక దగ్గు వినిపిస్తుంది. అది ఆదిలాబాద్‌లో నాకు వకాలతు నేర్పిన బారిష్టరు మనోహర్రావు సాబ్ దగ్గు. ఆయనకు పత్తి దుమ్ము పడేది కాదు. కాని ఆయన సంపాదనంతా పత్తి వ్యాపారుల తగాదాల మీదే. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకొని, "నా ఊపిరి తీసేదీ గీ దూదే, నాకు బువ్వ పెట్టేదీ గీ దూదే" అని నవ్వేవాడు.

ఆయన లండన్‌లో చదివి, హైదరాబాద్‌లో కొన్నేళ్ళు పనిచేసి, పోలీస్ యాక్షన్ తరువాత సొంత జిల్లాకు వచ్చాడు. కోర్టుల్లోంచి ఉర్దూ వెళ్ళిపోయి ఇంగ్లీషు వచ్చి కూర్చుంటున్న రోజులవి. పాత వకీళ్ళు బిక్కమొహాలు వేస్తుంటే ఈయన దర్జాగా నిలబడ్డాడు. ఆపైన భాషను బట్టి రాష్ట్రాలను విడగొట్టారు. పెన్‌గంగ ఏటికి అవతలి ఊళ్ళు బొంబాయి రాష్ట్రంలోకి పోయాయి. ఈ ఒడ్డున ఇల్లు, ఆ ఒడ్డున చేను ఉన్న మనుషులు ఒక్కరోజులో రెండు రాష్ట్రాల మనుషులయ్యారు. ఊళ్ళో అందరూ పరేషానైతే సాబ్ కొత్త కోటు కుట్టించుకున్నాడు.

మాది బట్టల దుకాణం. గజంబద్ద పట్టుకొని పెరిగిన నన్ను బాపు ఆయన దగ్గరికి తీసుకుపోయి, "సాబ్, మా పోరడు బేరం మస్తు జేస్తడు. జర మీ కాడ పెట్టుకోన్రి" అన్నాడు. సాబ్ నన్ను కిందికీ మీదికీ చూసి, "బేరం నేర్చినోనికి లా నేర్పుడు కష్టం. ముందుగాల అది మర్చిపోవాలె" అన్నాడు. జీతం సంగతి నేను ఎత్తబోయేలోపే ఒక కట్ట కాగితాలు నా చేతిలో పెట్టి చదవమన్నాడు. నేను చదవడం మొదలుపెట్టాను. నా జన్మలో నేను ఓడిన మొదటి బేరం అదే.

నేర్పడంలో మాత్రం ఆయనకు లోటు లేదు. భూమి తగాదా వస్తే ఎండాకాలమైనా సరే నన్ను ఏటి ఇసుకలో నడిపించి అవతలి ఒడ్డుకు తీసుకుపోయేవాడు. హద్దు పొడవునా తిప్పేవాడు. "నక్ష చూసి ఎవడన్నా వాదిస్తడు. కాళ్ళకు మన్ను అంటినోణ్ణే జడ్జి నమ్ముతడు" అనేవాడు. ఒకసారి దొంగసాక్షి ఒకడు బోనులో నిలబడి, పత్తిలోంచి గింజలు తీసే ఫలానా జిన్నింగు మిల్లులో తన ఎదుటే సంతకాలు జరిగాయన్నాడు. "ఆ మిల్లు తలుపు ఏ దిక్కుకు ఉంది?" అని సాబ్ అడిగాడు. వాడు తప్పు చెప్పాడు. సాబ్ కూర్చున్నాడు. నేను ఆగలేక, "ఇంకొకటి అడుగున్రి సాబ్" అని చెవిలో గొణిగాను. "ఏం సావుకారీ, సరుకు అమ్ముడుపోయినంక కూడా గిరాకిని పట్టుకొని గుంజుతవా?" అన్నాడు. ఆ మాటతో ఇప్పటికీ నేను సాక్షుల దగ్గర నోరు అదుపులో పెట్టుకుంటున్నాను.

ఇంత తెలిసిన మనిషి లస్మక్క విషయంలో ఏం చేశాడో చెప్పాలి.

లస్మక్క భర్తా, అవతలి ఒడ్డు వ్యాపారి కిషన్‌దాసూ కలిసి అక్కడ ఒక జిన్నింగు మిల్లు పెట్టారు. మిల్లు, దాని చుట్టూ చేను, ఒక నీళ్ళ బాయి, బాయి పక్కన చిన్న ఇల్లు, అన్నిట్లో చెరిసగం. భర్త చచ్చిపోగానే కిషన్‌దాసు తాళాలు మార్చాడు. లస్మక్క ఆదిలాబాద్‌లో తమ్ముడి ఇంటికి చేరింది. మరదలు ఆమె మంచాన్ని ముందు వసారాలోకి, తరువాత కట్టెల కొట్టంలోకి జరిపించింది. రాష్ట్రాలు విడిపోకముందే ఆదిలాబాద్ కోర్టులో దావా వేశాం. విడిపోయాక కిషన్‌దాసు వకీలు లేచి, వేరే రాష్ట్రంలోని భూమి మీద ఈ కోర్టుకు హక్కేమిటన్నాడు.

లస్మక్క నాతో ఎప్పుడూ ఒకటే మాట. "నాకు మిల్లెందుకు బిడ్డా? గా బాయికాడి ఇల్లు, ఇంత చేను ఇస్తే సాలు. నా మంచం నేనేసుకుంట."

సాబ్‌కు చెప్పాను. ఆయన విసుగ్గా, "పో, నీ బజారు తెలివి చూపెట్టు" అన్నాడు. నేను పోయాను.

మా పత్తి బజారులో పెద్ద బేరాలు నోటితో చేయరు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పుతారు. దాని కింద వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు. తువ్వాల తీశాక మాట మారదు. మార్చినవాడితో మళ్ళీ ఎవరూ చెయ్యి కలపరు. పత్తి కొనడానికి వచ్చిన కిషన్‌దాసును బాపు దుకాణంలో కూర్చోబెట్టి, ధరకు బదులు ఎకరాలకు వేళ్ళు పట్టాను. ఆయన ఒక వేలు మడిచేవాడు, నేను తెరిచేవాణ్ణి. చాయ చల్లారిపోయింది. చివరికి ఇల్లు, బాయి, దాని కింద పారే చేను లస్మక్కకు ఇచ్చేట్టు బేరం కుదిరింది. నేను గెంతుకుంటూ సాబ్ దగ్గరికి పోయాను.

ఆయన బల్ల నిండా పుస్తకాలు తెరిచి ఉన్నాయి. కళ్ళు మెరుస్తున్నాయి. "సావుకారీ, నడుమ సరిహద్దు మారితే పాత కోర్టుకు హక్కుంటదా లేదా, గీ ప్రశ్న ఇంకా ఏ హైకోర్టులనూ తేలలేదు, ఎరికేనా?"

"సాబ్, ఇల్లు ఇస్తుండు. బాయి గూడ ఇస్తుండు."

"సగం రావాల్సిన మనిషిని మూలకు సర్దుకొమ్మంటవా? రుమాలు కింద పిసుక్కున్నది కోర్టుల చెల్లదు."

"ఆమె గదే అడుగుతుంది సాబ్."

"ఆమెకు ఏం రావాల్నో ఆమెకు తెల్వదు. తెల్వకనే నా కాడికి వచ్చింది."

లస్మక్కను పిలిపించి, "అమ్మా, సగం తెస్తా" అన్నాడు. ఆమె బయటికి వచ్చి నాతో, "అంత సదువుకున్నోడు తెస్తా అంటుండు. నేనెట్ల కాదంటా?" అంది. కిషన్‌దాసుకు ఆ కబురు చెప్పాల్సింది నేనే. ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకొని, "దుకాణందారు కొడుకువేనా నువ్వు? చెయ్యి కలిపి మాట తప్పిన్రు. ఇగ నా చెయ్యి మీకు దొరకది" అన్నాడు. దొరకలేదు.

కేసు హైకోర్టుకు పోయింది. ఏళ్ళు పట్టింది. సాబ్ అద్భుతంగా వాదించాడు. ఆ మాట ఒప్పుకోకపోతే నేను అబద్ధాలకోరునవుతాను. దావా వేసిననాడు హక్కున్న కోర్టుకు, మధ్యలో సరిహద్దు మారినా ఆ హక్కు పోదని తీర్పు వచ్చింది. లా పుస్తకాల్లో అచ్చయింది. హైదరాబాద్ వకీళ్ళు ఉత్తరాలు రాశారు. మా ఆఫీసులో మిఠాయి పంచుతుంటే లస్మక్క ఒక లడ్డూ కొంగున కట్టుకొని అడిగింది.

"ఇగ నేను ఇంటికి పోవచ్చా సాబ్?"

తీర్పును అవతలి రాష్ట్రం కోర్టు చేత అమలు చేయించాలి. ఈలోగా కిషన్‌దాసు భూమిని ముక్కలు చేసి అమ్ముకున్నాడు. కొన్నవాళ్ళకూ తీర్పు వర్తిస్తుంది. కాని ఆ సంగతి ఒక్కొక్కరి మీద మళ్ళీ విడివిడిగా తేల్చాలి. సాబ్ రుమాలులోకి దగ్గి, "గా చిన్న పనులు నువ్వు చూసుకో సావుకారీ" అన్నాడు. ప్రశ్న తేలిపోయింది కదా, ఇక ఆయనకు రుచి పోయింది.

నేను ఏరు దాటి తిరుగుతూనే ఉన్నాను. బాయికాడి ఇంట్లో ఎవరో ఎడ్లను కట్టేశారు. లస్మక్క మందమర్రిలో బొగ్గుబాయి పని చేసే అక్కకొడుకు క్వార్టరుకు పోయింది. అక్కడే వంట చేసిపెడుతూ కన్నుమూసింది. ఆ కబురు చెబితే సాబ్ "అయ్యో" అన్నాడు. ఆ వెంటనే, "వారసులను కేసుల చేర్పించు, లేకుంటే కొట్టేస్తరు" అన్నాడు. చట్ట ప్రకారం అది మంచి సలహా. అంతవరకు గడప బయటే చెప్పులు విడిచే నేను, ఆనాటి నుంచి ఆయన గదిలోకి చెప్పులతోనే పోయేవాణ్ణి. ఆయన గమనించనే లేదు.

సాబ్ పోయి చాలా కాలమైంది. నాకు వచ్చిన విద్యంతా ఆయనదే. ఆయన వల్ల పట్టుకున్న అలవాటు ఒకటుంది. కక్షిదారుడు కాగితాలు విప్పకముందే, "నీకు ఏం దొరికితే కంటి నిండ నిద్ర పడతది?" అని అడుగుతాను. అది దొరికే దారి ఉంటే ప్రశ్న ఎంత గొప్పదైనా వదిలేస్తాను. వదిలే వీలు లేనప్పుడు లస్మక్క కేసు తీర్పే చదువుతాను. పుస్తకంలో దాని పేరు లక్ష్మీబాయి కేసు. ఆ పేరు వినగానే జడ్జీలు తలూపుతారు. నాకు ఫీజు వస్తుంది.

మొన్న గెలిచిన నా కక్షిదారుడు మెట్లు దిగుతూ అడిగాడు. "గా లక్ష్మీబాయి ఎవలు సార్? మస్తు భూములున్న దొరసానా?"

"కట్టెల కొట్టంలో పడుకునేది" అన్నాను.

పరాచికమాడుతున్నాననుకొని అతను పగలబడి నవ్వాడు.