విత్తనం కుప్ప పక్కన బాయిలర్
మా ఆయన పోయాక పసుపు కల్లాల్లో కూలీల మీద అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. నేను గుసగుసలాడినా మా పెర్కిట్‌లో హైవే అవతలికి వినిపిస్తుందంటారు. ఆ గొంతుతోనే ఆర్మూర్ దవాఖానలో నా కొడుకు పరువు తీశాను.

వాడికి పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. కోడలి పరీక్షలన్నీ బాగున్నాయి. మిగిలింది వాడి రిపోర్టే. కోడలు నన్ను వెంట పంపింది. "నువ్వే పో అత్తమ్మా. నేనొస్తే సిగ్గుతోని గేటు కాడికెల్లే ఎనుకకు ఉరుకుతడు."

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. మగవాళ్ల వృషణాల్లో విత్తనం కణాలుంటాయట. వాటిలో కొన్ని విత్తనంగానే ఆగుతాయి, కొన్ని ఒంట్లోంచి పిలుపు రాగానే మారి, పెరిగి వీర్యకణాలవుతాయట. అన్నీ మారితే రేపటికి విత్తనం ఉండదు, ఏదీ మారకపోతే నేటికి పంట ఉండదు.

"మీవాడికి విత్తనం ఉన్నట్టే ఉందమ్మా. పిలుపు అందుకున్నవి సగంలో ఆగిపోతున్నాయి. ఏం పని చేస్తాడు?"

"పసుపు ఉడకవెట్టే బాయిలర్ నడుపుతడు. సీజన్ల పొద్దంత దాని పక్కనే."

"వేడి కూడా ఒక కారణం కావచ్చు. ముందు ఆ పని మానిపించండి. కొన్ని నెలలకు మళ్లీ చూద్దాం."

నాకు విషయం బోధపడింది. "మా విత్తనం కుప్ప లెక్కనే గద డాక్టరమ్మా! పసుపు తవ్వంగనే విత్తనం పక్కకు తీసి, నీడల ఆకు కప్పి పెడ్తం. వాన పిలిచేదాంక సప్పుడు జెయ్యది. ఉడకవెడ్తె ఇగ మొలవది. వీడు బాయిలర్ పక్కనే కుప్ప పెట్టుకుండు!"

తలుపు బయట అందరూ విన్నారు. ఏర్గట్ల నుంచి వచ్చిన ఒక ముసలాయన జరిగి, సిగ్గుతో బయటే నిలబడ్డ మావాడికి చోటిచ్చాడు. "కూసో కొడుకా. విత్తనమైతే ఉన్నదంట, ఫికర్ జెయ్యకు."

ఆటోలో వాడు నోరు విప్పాడు. "నేను పని మానేస్తే బాయిలర్ ఎవలు నడుపుతరే అవ్వా? ఎందుకు మానేసినవని ఊరంత అడుగుతరు."

"నేను చెప్త తీ."

"నువ్వు చెప్పకే తల్లీ! నీ కాళ్లు మొక్కుత!"

"అయితే నేనే నడుపుత. నాల ఉడకనీకి ఇంకేమున్నదిరా?"

ఆ సీజనంతా ఆవిరి పక్కన నేనే నిలబడ్డాను. వాడు నీడలో కూర్చుని, తీసి పెట్టిన విత్తనానికి కావలి కాశాడు. దొంకేశ్వర్ రైతొకాయన "కొడుకేడమ్మా?" అనబోతే, నేను నోరు తెరవకముందే వాడే పరుగెత్తుకొచ్చాడు. "నడుము నొప్పి కాకా, నడుము!" నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్న కోడలు ఈ మాట దగ్గర కలం ఆపి నవ్వుతోంది.

మొన్న కొత్త రిపోర్టు వచ్చింది. కొన్ని కణాలు చివరిదాకా తయారవుతున్నాయట. నేను అరవడానికి ఊపిరి తీసుకునేసరికి వాడు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి దవాఖాన గేటు దాకా లాక్కుపోయాడు. అక్కడ కోడలికి ఫోన్ చేశాడు.

"పిలుపు అందిందంటనే!"

ఆ అరుపుకు రోడ్డు మీద ఆటోలు ఆగాయి. గొంతు మాత్రం నాదే వచ్చింది వాడికి.