మార్తమ్మ అవ్వ సన్నబియ్యం

ఒక అబద్ధాన్ని పదహారేళ్లు మోశాను. నాలుగు దోసిళ్ల బియ్యానికి ఇంత బరువుంటుందని ఎవరనుకుంటారు? మీరు నన్నెరుగరు. అందుకే మీ ముందు కూర్చుని మొదటినుంచీ చెప్పుకోగలుగుతున్నాను.

పెద్దమందడి దగ్గర మా ఊరి చర్చిలో నేను ఆదివారపు బడి టీచరమ్మను. పిల్లలకు ఇవ్వడం నేర్పడం నా పని. మా ఇళ్లలో అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ముందుగా ఒక పిడికెడు తీసి దేవుని సంచిలో వేస్తారు. ఆదివారం పిల్లలు ఆ సంచులు చర్చికి తెస్తారు. ఊళ్లో దిక్కులేని ముసలివాళ్లకు ఆ బియ్యం పంచుతాం. సంచులన్నీ ఒకే గుడ్డతో నేనే కుట్టాను. పేర్లు మాత్రం రాయొద్దన్నాను. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని యేసు చెప్పాడు కదా, ఇక పేర్లెందుకని పిల్లలకు గంటసేపు బోధించాను. బోధించమంటే నా తర్వాతే ఎవరైనా.

మరి నా సంచి? నేనెప్పుడూ పిడికెడు తీయలేదు. ఆదివారం పొద్దున బయల్దేరేముందు, కోళ్లకని మూలన పడేసిన పాత రేషన్ బియ్యం మూటలోంచి నాలుగు దోసిళ్లు పోసి మూతి కట్టేదాన్ని. అప్పట్లో రేషన్‌లో వచ్చేది దొడ్డుబియ్యమే. మేము తినేది సన్నబియ్యం. దేవుడు బియ్యం రకాలు చూస్తాడా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. నీతులుండేది ఎదుటివాళ్లకు చెప్పడానికే కదా.

నా దగ్గర చదువుకునే పిల్లల్లో రూతు ఒకతి. అప్పటికి పదకొండేళ్లు. అమ్మానాన్న బొంబాయికి వలసపోతే, కూలికి పోయే అవ్వ మార్తమ్మ దగ్గర ఉండేది.

ఆ ఏడు కోతపండుగ ఆదివారం. మా పాస్టరు అయ్యగారు సంఘమంతా చూస్తుండగా సంచులు ఒక్కొక్కటే విప్పి గంపలో పోస్తున్నారు. చివరికి బల్ల మీద రెండు మిగిలాయి. అందరికంటే చివర తెచ్చిపెట్టింది మేమిద్దరమే, ఒకటి నాది, ఒకటి రూతుది. మొదటిది విప్పితే రాయీ నూకా లేని సన్నబియ్యం. రెండోది విప్పగానే పురుగులు అంచు మీదికి పాకాయి.

"ఇదెవరిది టీచరమ్మా?" అన్నారు అయ్యగారు.

"రూతు వాళ్లది అయ్యగారూ. ఏం జేస్తరు పాపం, లేనోళ్లు గదా."

తడుముకోలేదు. అంత తేలికగా వచ్చింది. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వారు. అయ్యగారు ఆ సన్నబియ్యం నాదనుకుని దోసిట్లో ఎత్తి చూపించి నన్ను మెచ్చుకున్నారు. నేను వినయంగా తలవంచుకున్నాను. రూతు సంచి వైపు చూడలేదు. నా మొహంలోకి చూసింది. మళ్లీ నా బడికి రాలేదు.

ఎందుకన్నాను ఆ మాట? భయంతోనా? కాదు. పేదవాళ్ల సంచిలో పురుగులుంటాయంటే ఎవరైనా నమ్ముతారని నాకు తెలుసు, నమ్మనిది రూతు ఒక్కతేననీ ఆ పిల్ల మాట ఎవరూ వినరనీ కూడా తెలుసు, తెలిసే అన్నాను. ఆ తర్వాత ప్రతి ఏడూ, ఉన్న రెండు కాసులూ కానుక పెట్టెలో వేసిన పేద విధవరాలి కథ పిల్లలకు చెప్పాను. వాళ్ల కళ్లలో నీళ్లు కూడా తెప్పించాను. ఆ నీళ్లు ఎవరికోసం?

ఈ ఏడు కోతపండుగకు, అమరచింతకు కోడలిగా వెళ్లిన రూతు మా ఊళ్లో చుట్టాలింటికి వచ్చింది. చర్చిలో వెనక కూర్చుంది. ఆమె కూతురు మాత్రం వచ్చి నా ఎదుట చాప మీద కూర్చుంది. ఒళ్లో బియ్యం సంచి. చూపు అచ్చం తల్లిదే. విధవరాలి కథ మొదలుపెట్టాను. రెండు కాసుల దాకా వచ్చి ఆగిపోయాను.

పాఠం అక్కడే వదిలేసి లేచి సంఘం వైపు తిరిగాను. చెప్పాను. కోళ్ల బియ్యం, పురుగులు, రూతు పేరు చెప్పి 'పాపం, లేనోళ్లు' అన్న మాట, ఏదీ దాచలేదు. ఆ సన్నబియ్యం మార్తమ్మ అవ్వదని గట్టిగా, బయట చెప్పులు విడుస్తున్నవాళ్లకు కూడా వినిపించేలా చెప్పాను. ప్రాణం ఎంత తేలికైందో ఏమని చెప్పను.

రూతు లేచి నిలబడింది.

"అవ్వ సచ్చేదాక అడిగింది టీచరమ్మా, మనింట్ల పురుగులెట్ల వడ్డయి బిడ్డా అని. కూలికిచ్చిన సన్నొడ్లు దేవునికని పక్కకు వెట్టింది. మేం నూకలు తిన్నం. నిన్ను మాఫ్ జేసిన అని నేనెట్ల జెప్త? జెప్పాల్సింది అవ్వ. అవ్వ లేదు."

కూతురి చేయి పట్టుకుని వెళ్లిపోయింది. ఆమె అన్నది న్యాయమే. క్షమాపణ నాకు దొరకలేదు, ఇక దొరకదు కూడా.

బడి ఇప్పుడు వేరేవాళ్లు చెబుతున్నారు. బజార్లో ఎదురైన వాళ్లు మొహం తిప్పుకుంటున్నారు. తిప్పుకోనీ. నేను తలెత్తుకునే నడుస్తున్నాను, సంతోషంగా కూడా ఉన్నాను, ఈ మాట చెప్పడానికి సిగ్గుపడను. ఇవ్వడం గురించి అన్నేళ్లు పాఠాలు చెప్పి, పోతే నొప్పి పుట్టేది మొదటిసారి ఇచ్చాను. నా మంచిపేరు ఇచ్చేశాను.