పోటు మీద బిగించిన ముడి

ఒక ఆఫీసరుగారిని, ఆరు ఇళ్ళను, ఒక దాక నిండా చేపల పులుసును ఒకే పూట ఏటవాలుగా నిలబెట్టిన ఘనత ఈ చుట్టుపక్కల జిల్లాల్లో నాకు తప్ప ఇంకెవరికీ లేదు. నిరభ్యంతరంగా నవ్వుకోండి. ఆ రోజు అక్కడున్నవాళ్ళలో నవ్వనిదాన్ని నేనొక్కదాన్నే.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. మాది సముద్రానికి దూరంగా ఉన్న నల్లపాడు. సివిల్ డిప్లొమా చేతికొచ్చి ఏడాదయింది. నీళ్ళలో నాకు తెలిసిన రకాలు రెండే: కుళాయిలో వచ్చేవి, రానివి. అలాంటి నన్ను మా కాంట్రాక్టరు వేటపాలెం అవతల, సముద్రంలో కలిసే కాలువ మీదున్న పడవల రేవుకు సూపర్‌వైజరుగా పంపాడు. అక్కడ పడవలతోపాటు ఆరు తేలే ఇళ్ళుండేవి. ప్లాస్టిక్ డ్రమ్ముల మీద చెక్కలు పరిచి, పైన రేకులు వేసుకున్న ఇళ్ళు. ఆరు కుటుంబాలు వాటిలోనే ఉంటూ, వచ్చిన టూరిస్టులకు చేపల భోజనం పెట్టి బతికేవి. రేవుకు కొత్త చెక్కలు, కరెంటు, కుళాయిలు పెట్టించడం నా పని. అది చూసి, తనిఖీకొచ్చే ఆఫీసరుగారు సరేనంటేనే వాళ్ళు అక్కడ ఉండాలి. కాదంటే ఇళ్ళు విప్పుకుని ఒడ్డెక్కాలి.

మూడు నెలల్లో పని ముచ్చటగా అయింది. నా కంట్లో నలుసులా మిగిలినవి తాళ్ళే. ఇళ్ళను రేవు గుంజలకు కట్టిన తాళ్ళు నిద్రమొహంతో వేలాడుతుండేవి. ఇళ్ళేమో పెళ్ళిపీటల దగ్గర విసుగెత్తిన పిల్లల్లా ఒక్కచోట కుదురుగా ఉండేవి కావు.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్న ఎనిమిదింటికే రేవుకు వెళ్ళాను. నీళ్ళు నిండుగా, చెక్కల అంచుదాకా ఉన్నాయి. ఇద్దరు కూలీలను పిలిచి, "అన్ని తాళ్ళూ లాగి బిగించండి. ఒక్క ఇల్లు కూడా కదలకూడదు" అన్నాను.

ఆ ఆరిళ్ళకూ పెద్దదిక్కు సువార్తమ్మగారు. పులుసు కాచి దాక పొయ్యి మీదే ఉంచి, సంచీ పట్టుకుని బయటికొచ్చారు.

"ఏం చేయిస్తున్నావమ్మాయ్?"

"తాళ్ళు బిగిస్తున్నామండీ. నీటుగా ఉంటుందని."

"నీటా? ఇప్పుడు సముద్రం పోటు మీదుంది. మజ్జాన్నానికి నీళ్ళు నడుమెత్తు దిగిపోతాయి. తాడు వదులుంటేనే ఇల్లు కూడా దిగుద్ది."

"సార్ అడుగుపెడితే ఊగుతుంది కదండీ. సేఫ్టీ!"

"నీ సేఫ్టీ సంగతి సముద్రానికి తెలవదు గానీ, నేను చీరాల పోయి అరిటాకులు తెస్తా. ఈలోగా విప్పించు."

"అలాగేనండీ" అన్నాను. విప్పించలేదు. చదువుకున్నదాన్ని కదా మరి!

ఆఫీసరుగారు పదిన్నరకు వచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. సువార్తమ్మగారి ఇంట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆయన కాళ్ళ కిందికి చూశారు.

"ఏంటమ్మా, నేల ఓ పక్కకు వాలినట్టుంది?"

నాకు గుండె జారింది. నోరు మాత్రం జారలేదు. "వాటం పెట్టామండీ. ఇల్లు కడిగిన నీళ్ళు పోవడానికి."

"మంచి ఆలోచన."

అరగంట గడిచింది. ఆయన కుర్చీ తనంతట తానే గోడ వైపు ప్రయాణం మొదలుపెట్టింది.

"వాటం పెరుగుతోందేంటమ్మా?"

నేను జవాబు వెతుక్కునేలోపు పులుసు దాక పొయ్యి దిగింది. నేల మీద హుందాగా జారుతూ వెళ్ళి ఆయన ఒళ్ళో కూర్చుంది. పక్కిళ్ళ నుంచి కేకలు. "అయ్యో, మా మంచం!" "ఒసేయ్, కోళ్ళు నీళ్ళలో పడతన్నయ్!" ఆరు ఇళ్ళూ రేవు వైపు తాళ్ళకు వేలాడుతూ, అవతలి వైపు మునగబోతున్నాయి. ఆఫీసరుగారు గడప పట్టుకుని గబ్బిలంలా వేలాడుతున్నారు. ఆరు కుటుంబాల చోటు నా నీటుతనం వల్లే పోయిందనుకునేసరికి నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు వచ్చారు సువార్తమ్మగారు, చంకలో అరిటాకులతో.

"విప్పమన్నానా లేదా?"

"అన్నారండీ."

"ఏడుపు తర్వాత. కత్తిపీట అందుకో!"

బరువుకు బిగిసిన ముడి ఊడితే కదా! ఆవిడ తాడు మీద కత్తిపీట ఆనించి, "అయ్యగారూ, కింద కూర్చుని గట్టిగా పట్టుకోండి" అని కోసేశారు. ధభీమని ఇల్లు నీళ్ళలో పడి, రెండుసార్లు ఎగిరి, బుద్ధిగా తేలింది. కొట్టుకుపోకుండా కొత్త తాడుతో వదులుగా కట్టి, మిగతా ఐదిళ్ళకూ అదే వైద్యం చేశారు. ఒక్క చెక్క విరగలేదు. ఒక్క డ్రమ్ము చిట్లలేదు.

పులుసులో తడిసిన ఆఫీసరుగారు ముందు ప్యాంటు అంచులు పిండుకున్నారు, తర్వాత చొక్కా కొసలు. చివరికి మీసం తుడుచుకుని, ఆ వేలు నాకి, "ఏం చేపమ్మా ఇది?" అని అడిగారు.

"కొయ్యంగలయ్యా. ఇంకో దాక ఉంది. వడ్డించమంటారా?"

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. రేవు మీద అందరి ముందూ నా చేతే చదివించారు. "ఇళ్ళు మిక్కిలి దృఢముగా ఉన్నవి. వేరే పరీక్ష అవసరము లేదు. కుటుంబములు యథావిధిగా నివసించవచ్చును. రేవు సంరక్షణ సువార్తమ్మగారికి అప్పగించవలెను." ఇక్కడిదాకా చప్పట్లు. ఆఖరి వాక్యం దగ్గర నేను కాగితం మడవబోతే సువార్తమ్మగారే లాక్కుని పైకి చదివారు: "సూపర్‌వైజరును తాడు అందుబాటులో లేని స్థలమునకు బదిలీ చేయవలెను."

అందుచేత చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సువార్తమ్మగారికి ఫోన్ చేసి కనుక్కోకుండా ఈ జన్మలో ముడి అనేది వేయను. ఆఖరికి జడకు రిబ్బనైనా సరే.