ఆయం చూసి వేసిన పునాది

వర్ధన్నపేట దగ్గరి మా ఊళ్లో పాత పెంకుటిల్లు విప్పేసిన రోజు అమ్మ ఏడవలేదు. సర్కారు కొత్త ఇల్లు మంజూరు చేస్తే ఏడవడమెందుకంది. సామానంతా పక్కింటివాళ్ల బర్రెల కొట్టంలోకి చేర్చాం. అమ్మా, కాపురం చెడి తిరిగొచ్చిన నేనూ అందులోనే పడుకునేవాళ్లం. నాకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ కొట్టంలో దోమలు దాన్ని నెత్తికెక్కించాయి.

పునాది లేచాక పంచాయతీ సెక్రటరీ టేపు పట్టుకుని వచ్చాడు. ఇల్లు ఆరు వందల చదరపుటడుగులు దాటకూడదని నిబంధన. మాది దాటింది.

"ఇట్లుంటే ఆన్‌లైన్ల ఫోటో ఎక్కదమ్మా, బిల్లు రాదు. ఒక దిక్కు తీసి లోపటికి కట్టుకోండ్రి," అన్నాడు.

"ఆయం చూసి పెట్టిన కొలత సారూ. మార్చేది లేదు," అంది అమ్మ.

ఆయమంటే ఇంటి పొడవు వెడల్పుల శాస్త్రం. అది తప్పితే ఇంటికి అరిష్టమని మా వైపు నమ్మకం. పాత ఇంటికి ఆయం కుదరకే నాన్న పోయాడని అమ్మ అనేది. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం నాకెప్పుడూ లేదు. కానీ బిల్లు రాకపోతే గోడలు లేవవు, వానాకాలమంతా కొట్టమే గతి. రెండు రోజులు ఆ కోపం గిన్నెల మీద చూపించాను. మూడో రోజు మట్టెవాడలో నేను పనిచేసే బట్టల దుకాణానికి సెలవు పెట్టి, బస్సెక్కి, కొలత ఇచ్చిన పంతులుగారి మీదికి యుద్ధానికి వెళ్లాను.

ఆయన నెమ్మదిగా కాగితం తీశాడు.

"రెండు కొలతలు ఇచ్చిన బిడ్డా. రెండిట్ల ఆయం మంచిగనే ఉన్నది. చిన్నది సర్కారు లెక్కకు సరిపోతదని గూడ చెప్పిన. మీ అమ్మనే పెద్దది గావాలన్నది. బిడ్డకు సొంతంగ ఒక అర్ర ఉండాలె, చుట్టం లెక్క మూలకు పండొద్దు అన్నది."

తిట్టడానికి పోయినదాన్ని, ఆ కాగితం అడిగి తీసుకుని బయటికొచ్చాను. బస్సులో దారంతా ఏడ్చాను.

కాగితం ముందు పెడితే అమ్మ తల దించుకుంది.

"కట్టినంక కూలగొట్టుమంటరా అనుకున్న," అంది.

"నాకు అర్ర వద్దమ్మా. ఇల్లు గావాలె."

మర్నాడు మేస్త్రి కంటే ముందే అమ్మ గడ్డపార పట్టింది. ఒక వైపు రాళ్లు తీసి, పంతులుగారి చిన్న కొలత ప్రకారం మూడడుగులు లోపలికి కట్టించాం. నేను తట్టలు మోశాను. సెక్రటరీ మళ్లీ కొలిచి ఫోటో ఎక్కించాడు. కొన్నాళ్లకు బిల్లు పడింది. ఇప్పుడు గోడలు దర్వాజా దాటాయి.

ముందు హాలు, వెనక వంటిల్లు పోను మిగిలింది ఒక్కటే అర్ర. మొన్న సాయంత్రం అమ్మ అందులో నిలబడి అటూ ఇటూ చూసింది.

"నీ మంచం యాడ ఏద్దామే?" అని అడిగింది.

అత్తగారింట్లో ఏడేళ్లున్నాను. ఆ మాట నన్నెవరూ అడగలేదు.

"కిటికీ కాడ," అన్నాను.